తక్కువ వేడిలో ఏక పరమాణు ఉత్ప్రేరకం: ఫ్యూయల్ సెల్ కోసం ఏ పద్ధతిని ఎంచుకోవాలి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం కళాశాలల్లో రసాయనశాస్త్రం చదువుతున్న మన తెలుగు పిల్లల్లో చాలామంది, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పరిశోధన తొలి ఏడాదికో అంశం వెతుక్కుంటూ, ఈ మధ్య ఏక పరమాణు ఉత్ప్రేరకాల దగ్గర ఆగుతున్నారు. హైడ్రోజన్, ఆక్సిజన్‌లను కలిపి విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినానికి బదులుగా ఇనుము, కోబాల్ట్ వంటి చవక లోహాలను విడివిడి పరమాణువులుగా కార్బన్ మీద నిలిపి పని చేయించవచ్చునన్నది ఇందులోని ఆకర్షణ. తొమ్మిది వందల డిగ్రీల కొలిమి అవసరం లేకుండా, గాజు ఫ్లాస్కులో, మామూలు హీటర్ మీద ఆ పని చేయవచ్చునని చెప్పే పద్ధతులు ఇప్పుడు అరడజను వరకు ఉన్నాయి. వాటిలో దేనిని ఎవరు ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

పద్ధతుల పేర్లలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. తక్కువ ఉష్ణోగ్రత అని చెప్పిన పద్ధతిలో వేడి నిజంగా లేకుండా పోయిందా, లేక వేరే దశకు జరిగిందా? లోహాన్ని అతికించే దశ మూడు వందల డిగ్రీల లోపే ముగిసినా, ఆ లోహం కూర్చునే కార్బన్‌కు విద్యుత్తును మోసే గుణం కావాలి, అందులో నైట్రోజన్ గట్టిగా ఇమిడి ఉండాలి, ఈ రెండూ ఎక్కడో ఒకచోట ఎక్కువ వేడి తగిలితేనే వస్తాయి. కొన్న కార్బన్ నానోట్యూబులతో, అంటే అతి సన్నని కార్బన్ గొట్టాలతో, పని మొదలుపెడితే ఆ వేడి కర్మాగారంలో ఖర్చయిందన్నమాట. పోలికలో ఈ లెక్క కలపకపోతే గది ఉష్ణోగ్రత పద్ధతులన్నీ గొప్పవిగానూ, కొలిమి పద్ధతులన్నీ పాతబడినవిగానూ కనబడతాయి, ఆ అభిప్రాయం సరైనది కాదు.

కొలిమి పద్ధతి ఎందుకు నిలబడిందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో క్లుప్తంగా చూద్దాం. 1964లో జాసిన్‌స్కీ కోబాల్ట్ థాలోసయనిన్ అనే అణువు క్షార ద్రావణంలో ఆక్సిజన్‌ను క్షయకరణం చేయగలదని, అంటే దానికి ఎలక్ట్రాన్లు అందించగలదని, చూపించారు. ఆ అణువులో లోహం చుట్టూ నాలుగు నైట్రోజన్లు ఉంటాయి. ఇటువంటి అణువులను కార్బన్ మీద వేసి వేడి చేస్తే ఆమ్లంలో మన్నిక పెరుగుతుందని 1970లలో తెలిసింది. 1989లో యీగర్ బృందం, ఖరీదైన ఆ అణువులు అక్కరలేదనీ, మామూలు లోహ లవణం, నైట్రోజన్ ఉన్న పాలిమర్, కార్బన్ కలిపి కాల్చినా అటువంటి ఉత్ప్రేరకమే వస్తుందనీ చూపించింది. నేటికీ ఎక్కువమంది ఎనిమిది వందల నుంచి వెయ్యి డిగ్రీల మధ్య ఇదే పని చేస్తున్నారు. చిక్కు ఎక్కడంటే, ఆ వేడిలో ఇనుప పరమాణువులు కదిలి ఒకదానినొకటి చేరి ముద్దలవుతాయి, కొంత భాగం కార్బన్‌తో కలిసి కార్బైడ్‌గా మారుతుంది. అందుకే ఇనుము పాళ్లు బరువులో రెండు మూడు శాతం దాటించడం కష్టమవుతుంది. లోహం లేనప్పుడు కార్బన్‌ను కాల్చి, చల్లారిన తరువాత లోహాన్ని ప్రవేశపెడితే ఈ చిక్కు తప్పుతుందన్న ఆలోచన నుంచే తక్కువ వేడి పద్ధతులలో మంచివి పుట్టాయి.

ముందు సెల్‌ను తేల్చుకోవాలి

ఉత్ప్రేరకం ఏ ఎలక్ట్రోడ్ మీద, ఏ ద్రావణంలో పనిచేయాలో నిర్ణయించకుండా తయారీ పద్ధతిని ఎంచుకోవడం చాలా ప్రాజెక్టులలో జరుగుతున్న పొరపాటు. హైడ్రోజన్ వైపు, అంటే ఎనోడ్ మీద, ప్లాటినం ఎంత వేగంగా పనిచేస్తుందంటే అక్కడ అతి కొద్ది పరిమాణమే సరిపోతుంది. కాబట్టి అక్కడ ఏక పరమాణు ఉత్ప్రేరకంతో ఆదా అయ్యేది స్వల్పం. ఖర్చంతా ఆక్సిజన్ అందే కాథోడ్ వైపు, నిదానంగా జరిగే ఆక్సిజన్ క్షయకరణంలో ఉంది.

ఇక్కడే ప్లాటినం ఏక పరమాణువుల గురించి ఒక హెచ్చరిక అవసరం. ఆక్సిజన్ అణువులోని బంధం తెగి నీరుగా మారాలంటే నాలుగు ఎలక్ట్రాన్లు అందాలి, ప్లాటినం మీద ఆ పని సాఫీగా జరగడానికి పక్కపక్కన పరమాణువులు ఉండాలి. ప్లాటినాన్ని ఒంటరి పరమాణువులుగా విడదీస్తే చర్య సగంలో ఆగి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. సల్ఫర్ ఎక్కువగా ఉన్న కార్బన్ మీద నిలిపిన ప్లాటినం పరమాణువుల విషయంలో 2016లో ఇదే కనబడింది. పెరాక్సైడ్ తయారుచేయాలనుకునేవారికి అది వరం, ఫ్యూయల్ సెల్ కట్టేవారికి నష్టం. నాలుగు నైట్రోజన్ల మధ్య కూర్చున్న ఇనుము మాత్రం ఒంటరిగా ఉండి కూడా ఆక్సిజన్‌ను చాలావరకు నీటి దాకా తీసుకుపోగలదు. కాబట్టి కాథోడ్ కోసం అయితే ఇనుమును మొదటి ఎంపికగా, కోబాల్ట్‌ను, మాంగనీసును తరువాతి ఎంపికలుగా పెట్టుకోవడం సముచితం. కోబాల్ట్ మీద పెరాక్సైడ్ కొంచెం ఎక్కువగా వస్తుంది. ఇనుముకు ఉన్న దోషం మరొకటి: కరిగి బయటపడిన ఇనుప అయాన్లు, పుట్టిన పెరాక్సైడ్‌తో కలిసి ఫెంటన్ చర్య జరిపి, నాఫియాన్ వంటి ప్రోటాన్ పొరను కొరికే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి.

ద్రావణం సంగతి ఇంకా ముఖ్యం. ప్రోటాన్ పొర ఉన్న సెల్ ఆమ్ల వాతావరణంలో, సుమారు ఎనభై డిగ్రీల దగ్గర నడుస్తుంది. అందులో బలహీనంగా అతుక్కున్న లోహం కొద్ది గంటల్లోనే కొట్టుకుపోవచ్చు. క్షార ద్రావణంలోగానీ, ఋణ అయాన్లను మోసే యానయాన్ పొర ఉన్న సెల్‌లోగానీ పరీక్ష తేలిక, జింక్-గాలి బ్యాటరీ కూడా ఆ కోవలోనిదే. మొదటిసారి ఈ పని చేసేవారు క్షారంతో మొదలుపెట్టడం నామోషీ కాదు, కానీ క్షారంలో వచ్చిన ఫలితాన్ని ప్రోటాన్ పొర సెల్‌కు అంటగట్టడం మాత్రం అన్యాయం.

పద్ధతుల పోలిక

అన్నిటికంటే సులభమైనది, పేరు తెలిసిన అణువును తెచ్చి కార్బన్ మీద పరచడం. ఐరన్ థాలోసయనిన్ బజారులో దొరుకుతుంది. దానిని డైమిథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావకంలో నానోట్యూబులతో కలిపి అల్ట్రాసౌండ్‌లో ఉంచి, గది ఉష్ణోగ్రత వద్ద కొన్ని గంటలు కలియబెట్టి, వడగట్టి, కడిగి ఆరబెడితే పని పూర్తవుతుంది. ఆ అణువు బరువులో ఇనుము 9.8 శాతం కాబట్టి, తొంభై మిల్లీగ్రాముల నానోట్యూబుల మీద పది మిల్లీగ్రాముల థాలోసయనిన్ నిలిచితే ఇనుము సుమారు ఒక శాతం ఉన్నట్లు ముందే లెక్క కట్టుకోవచ్చు. మిగతా పద్ధతులలో ఇంత స్పష్టత దొరకదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో నానోట్యూబుకు పిరిడిన్ సమూహాన్ని అతికించి, అది ఇనుమును కింది నుంచి పట్టుకునేలా చేశారు, దానితో క్షారంలో చురుకుదనమూ మన్నికా రెండూ మెరుగయ్యాయి. ఈ పద్ధతిలో లోపాలు రెండు. అణువులు ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి పేరుకుని లోపలివి వృథా అవుతాయి, ఆమ్లంలో ఇనుము అణువు నుంచి జారిపోతుంది. ఆమ్ల సెల్ లక్ష్యమైనవారు దీనిని పోలిక కోసం ఒక నమూనాగా మాత్రమే ఉంచుకోవాలి.

రెండవది నా దృష్టిలో అన్నిటికంటే ఆలోచన ఉన్న పద్ధతి, దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడడం అవసరం. ఇందులో ముందుగా ఇనుము లేకుండా, జింక్ వంటి తాత్కాలిక లోహంతో, నైట్రోజన్ ఉన్న కార్బన్‌ను కాల్చి తయారుచేస్తారు. జింక్ అయాన్లు నాలుగు నైట్రోజన్ల మధ్య కూర్చుని, తమ ఆకారానికి తగిన గూళ్లను కార్బన్‌లో మిగులుస్తాయి. ముద్దకట్టే జింక్ 907 డిగ్రీల వద్ద మరిగి ఆవిరిగా పోతుంది కాబట్టి ఇనుములాగా చెత్త మిగల్చదు. తరువాత ఆమ్లంతో కడిగి, నైట్రోజన్ వాయువు కింద మెథనాల్ వంటి ద్రావకంలో ఐరన్ లవణంతో కలిపి మరిగిస్తే ఇనుము ఆ గూళ్లలోకి చేరుతుంది. మెథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే ఇనుము చూసే వేడి అంతే. ముద్దలయ్యే అవకాశం ఎందుకు తగ్గిందో దీనితో అర్థమవుతుంది. 2022లో లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన కూసర్‌నాక్ బృందం, ముందుగా జింక్‌తో చేసిన కార్బన్‌లోకి ఇనుమును మార్పిడి చేసి, బరువులో 7 శాతం ఇనుమును పూర్తిగా ఏక పరమాణు రూపంలో నిలపగలిగింది. కాల్చే పద్ధతులకు సాధారణంగా అందని అంకె అది.

దీనికి కొలిమి కావాలి కదా అని అడగవచ్చు. కావాలి, కానీ ఒకసారే. గది ఉష్ణోగ్రత వద్ద మెథనాల్‌లో జింక్ నైట్రేట్, రెండు-మిథైల్ ఇమిడజోల్ కలిపి, ఆ కార్బన్‌కు ముడిసరుకైన జడ్‌ఐఎఫ్-8 స్ఫటికాలు చేసుకోవడం కళాశాల ప్రయోగశాలలోనే సాధ్యం. వాటిని కాల్చే పని మాత్రం ట్యూబ్ కొలిమి ఉన్న పెద్ద సంస్థలో ఒకేసారి చేయించి, వచ్చిన కార్బన్‌ను సీసాలో భద్రపరచుకుంటే, ఆ తరువాతి ప్రయోగాలన్నీ ఫ్లాస్కులోనే జరుగుతాయి. నిమిషానికి ఐదు డిగ్రీల చొప్పున తొమ్మిది వందలకు ఎక్కించడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది, పైన ఒక గంట నిలపాలి, తరువాత ఆర్గాన్ కిందే చల్లార్చాలి. మధ్యలో కరెంటు పోతే కార్బన్ స్వభావం మారిపోతుంది. గంజాం, గజపతి జిల్లాలలో తుపానుల కాలంలో కరెంటు ఎలా ఉంటుందో 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడూ, 2018లో తిత్లీ వచ్చినప్పుడూ చూసినవారికి చెప్పనక్కరలేదు. అక్టోబరులో కాల్చే పని పెట్టుకోకపోవడం మేలు.

ఈ మార్గానికి అన్నలాంటిది ఒకటి ఉంది. జింక్ ఉన్న అదే కార్బన్ మీదుగా ఐరన్ క్లోరైడ్ ఆవిరిని 750 డిగ్రీల వద్ద పంపి ఇనుమును ప్రవేశపెట్టడం 2021లో ప్రచురితమైంది. అది తక్కువ వేడి పద్ధతి కాదు, అయినా పోలికలో ఉంచాలి, ఎందుకంటే ఆమ్ల సెల్‌లో మన్నిక అడిగితే వేడి చూసిన ఇనుము గూళ్లు, ఫ్లాస్కులో నిండిన గూళ్లు ఒకేలా ప్రవర్తిస్తాయని ముందుగానే అనుకోకూడదు. అదే సంవత్సరం వచ్చిన మరో పరిశోధన, ఇటువంటి కార్బన్‌లో ఇనుము గూళ్లు రెండు రకాలుగా ఉంటాయనీ, ఒక రకం సెల్ నడిచేటప్పుడు ఐరన్ ఆక్సైడ్‌గా మారిపోతుందనీ, మరొకటి నిలబడుతుందనీ చూపింది. ఫ్లాస్కులో ఇనుము నింపిన కార్బన్‌ను ఆరబెట్టి, కొంత భాగాన్ని జడ వాయువులో కొద్దిసేపు వేడి చేసి, వేడి చేయని భాగంతో పోల్చితే, అదే ఒక మంచి ప్రాజెక్టు అవుతుంది.

మంచులో కాంతితో చేసే పద్ధతి చదవడానికి అందంగా ఉంటుంది. క్లోరోప్లాటినిక్ ఆమ్ల ద్రావణాన్ని గడ్డకట్టించి అతినీలలోహిత కాంతి ప్రసరిస్తే, మంచులో చిక్కుకున్న ప్లాటినం పరమాణువులు కదిలి కలవలేవు కాబట్టి ముద్దకట్టవు. చైనాలోని చింగ్‌హువా పరిశోధకులు 2017లో ఈ పని చేసి, ఆ పరమాణువులను రంధ్రాలున్న కార్బన్ మీదికి చేర్చారు. అయితే వారు దానిని పరీక్షించింది హైడ్రోజన్ పుట్టించే చర్యలో. పైన చెప్పిన కారణం చేత ఫ్యూయల్ సెల్ కాథోడ్‌కు దీనిని నేను సూచించను. పల్లాడియంను టైటానియా (టైటానియం ఆక్సైడ్) పలకల మీద గది ఉష్ణోగ్రత వద్ద కాంతితో నిలిపిన 2016 నాటి పద్ధతికి కూడా అదే మాట వర్తిస్తుంది, పైగా అక్కడి ఆధారం విద్యుత్తును సరిగా మోయదు.

బంతుల మిల్లులో రుబ్బే పద్ధతి ద్రావకం ఖర్చు లేనిది. ఐరన్ థాలోసయనిన్‌ను గ్రాఫీన్‌తో, అంటే ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొరతో, కలిపి తీవ్రంగా రుబ్బితే ఇనుము-నైట్రోజన్ గూళ్లు గ్రాఫీన్‌లో ఇముడుతాయని 2015లో చూపించారు. ఖనిజాల పరిశ్రమ ఉన్న రాయగడ, కోరాపుట్ వైపు మిల్లు దొరకడం కష్టం కాకపోవచ్చు, కానీ ఆ మిల్లు పాత్ర, బంతులు ఉక్కువి అయితే ఎంపికను అక్కడే వదిలేయాలి. ఉక్కు అరిగి రాలిన ఇనుము మీ నమూనాలోని ఒక శాతం ఇనుముతో కలిసిపోతే ఏది దేని పని అన్నది ఎవరూ చెప్పలేరు. జిర్కోనియా లేదా అగేటు పాత్ర ఉంటేనే ఈ పద్ధతి తీసుకోవాలి.

లోహ సమ్మేళనపు ఆవిరిని పంపి పొర తరువాత పొరగా నిలిపే పరమాణు పొర నిక్షేపణ గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. 2013లో గ్రాఫీన్ మీద ప్లాటినం ఏక పరమాణువులు ఆ పద్ధతిలో వచ్చాయి, పరికరమూ ప్లాటినం సమ్మేళనమూ రెండూ జిల్లా కళాశాలకు అందే ధరలో ఉండవు. విద్యుత్తుతో నిక్షేపించే పద్ధతి చవకైనదే, ఎలక్ట్రోడ్ వోల్టేజీని అదుపు చేసే పోటెన్షియోస్టాట్ ఉంటే చాలు. అందులో ఒక జాగ్రత్త తప్పనిసరి: ఎదురు ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెట్టకూడదు. అది కొద్దికొద్దిగా కరిగి మీ ఎలక్ట్రోడ్ మీద చేరుతుంది, అప్పుడు కనబడే చురుకుదనం తీగది అవుతుంది. గ్రాఫైట్ కడ్డీ వాడాలి, ఆక్సిజన్ పరీక్షలలో కూడా.

మన వాతావరణమూ, మన సరుకూ

పుస్తకాలలో రాయని ఒక విషయం ఎంపికను ప్రభావితం చేస్తుంది. ఆరు నీటి అణువులున్న ఫెర్రిక్ క్లోరైడ్ 37 డిగ్రీల వద్ద కరుగుతుంది, పైగా గాలిలోని తేమను లాగేస్తుంది. మే నెలలో గుణుపురం, రాయగడలలోని గదిలో ఉష్ణోగ్రత అంతకంటే ఎక్కువే ఉంటుంది, బరంపురంలో సముద్రపు తేమ దానికి తోడవుతుంది. అటువంటి లవణాన్ని తూచి ఒక శాతం ఇనుము వేశానని రాస్తే ఆ అంకెకు విలువ ఉండదు. కొంచెం ఆమ్లం కలిపిన నిల్వ ద్రావణం చేసుకుని, అందులోని ఇనుమును ఫెర్రస్ రూపానికి క్షయకరణం చేసి దాని గాఢతను డైక్రోమేట్ అంశమాపనంతో తేల్చుకుని, కొలత ప్రకారం పోసుకోవడం సరైన పని. గాలిలో నిలకడగా ఉండే మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) ప్రతి డిగ్రీ కళాశాలలోనూ ఉంటుంది, ఈ అంశమాపనాన్ని సరిచూసుకోవడానికి అది చాలు.

జీడిపిక్కల పొట్టు నుంచి, గంజాం మొగలి పువ్వుల అత్తరు తీసిన తరువాత మిగిలిన పిప్పి నుంచి కార్బన్ చేయవచ్చునా అని తరచుగా అడుగుతారు. చేయవచ్చు, స్థానిక సరుకు అన్న పేరూ వస్తుంది. కానీ మొక్కల పదార్థంలో ఇనుము, కాల్షియం, సిలికా ముందే ఉంటాయి, ఒక్కొక్క బస్తాలో ఒక్కొక్క పాళ్లలో ఉంటాయి. లోహం పాళ్లను శాతంలో పదో వంతు వరకు పట్టించుకోవలసిన ఈ పనిలో అటువంటి కార్బన్‌ను మొదటి నమూనాకు వాడకూడదు. కొన్న నానోట్యూబులలో కూడా వాటిని పెంచడానికి వాడిన ఇనుము, నికెల్, కోబాల్ట్ మిగిలి ఉంటాయి. ఆమ్లంలో ఉడికించి కడగాలి, ఏ లోహమూ కలపని కార్బన్‌ను కూడా అదే పరీక్షకు పంపాలి.

రుజువు చేయగలిగిన దానినే ఎంచుకోవాలి

తయారీ ఎంత సులభమైనా, పరమాణువులు విడివిడిగా ఉన్నాయని చూపలేకపోతే ఆ పేరు పెట్టుకోవడానికి వీలులేదు. ఎక్స్-కిరణ వివర్తనంలో ఇనుము శిఖరాలు కనబడలేదన్నది రుజువు కాదు, రెండు మూడు నానోమీటర్ల కంటే చిన్న ముద్దలు అందులో కనబడవు. బరువైన పరమాణువులను చుక్కలుగా చూపగల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఒక ఆధారం, అది చూపేది నమూనాలో ఒక మూల మాత్రమే. మొత్తం పొడి గురించి చెప్పేది ఎక్స్-కిరణ శోషణ వర్ణపటం. మన దేశంలో ఇండోర్‌లోని రాజా రామన్న సంస్థలో ఉన్న ఇండస్-2 సింక్రోట్రాన్‌లో, అంటే తీవ్రమైన ఎక్స్-కిరణాలు పుట్టించే పెద్ద యంత్రంలో, అందుకు కిరణ రేఖలు ఉన్నాయి, విశ్వవిద్యాలయాల వారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇనుము-నైట్రోజన్ శిఖరం సుమారు ఒకటిన్నర ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఉండి, ఇనుము-ఇనుము శిఖరం రావలసిన రెండుంబావు దగ్గర ఏమీ లేకపోతే మీ మాట నిలుస్తుంది. దరఖాస్తు, వంతు, ప్రయాణం కలిపి నెలలు పడుతుంది. ఒక్క సెమిస్టరు ప్రాజెక్టు చేసేవారు దీనిని ముందే గుర్తుంచుకోవాలి.

దగ్గరలో జరిగే పరీక్షలకూ విలువ ఉంది. అర మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఎనభై డిగ్రీల వద్ద నమూనాను ఉంచి కడిగితే బయట ఉన్న ముద్దలు కరిగిపోతాయి, కడిగిన తరువాత కూడా చురుకుదనం మిగిలితే అది గూళ్లలోని ఇనుముది కావచ్చు. పొటాషియం థయోసయనేట్ కలిపితే ఆమ్లంలో ఇనుము గూళ్ల చురుకుదనం తగ్గుతుంది. ప్లాటినాన్ని కార్బన్ మోనాక్సైడ్ అడ్డుకుంటుంది, ఇనుము గూళ్లను పెద్దగా అడ్డుకోదు, కనుక ఎక్కడి నుంచో ప్లాటినం చేరిందన్న అనుమానం ఉంటే ఈ తేడా పనికివస్తుంది. పెరాక్సైడ్ ఎంత వస్తున్నదో తిరిగే వలయ-బిళ్ల ఎలక్ట్రోడ్ మీద కొలవకుండా ఫ్యూయల్ సెల్ మాట ఎత్తకూడదు.

ఇక ఎవరికి ఏది. ఒక్క సెమిస్టరు, ఒక పోటెన్షియోస్టాట్, కొలిమి లేని గది ఉన్న ఎమ్మెస్సీ విద్యార్థి ఐరన్ థాలోసయనిన్‌ను నానోట్యూబుల మీద పరచి, క్షారంలో పరీక్షించాలి. గూడు నిర్మాణం ముందే తెలుసు కాబట్టి సింక్రోట్రాన్ లేకుండానే ఆ ప్రాజెక్టుకు అర్థం ఉంటుంది. లోహం పాళ్లు పెరిగే కొద్దీ చురుకుదనం ఎక్కడ ఆగిపోతుందో గ్రాఫు గీస్తే, అణువులు పేరుకునే హద్దు దానిలోనే తెలుస్తుంది.

మూడు నాలుగేళ్ల పరిశోధన చేసేవారు, ముఖ్యంగా బరంపురంలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌తోగానీ భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థతోగానీ కలిసి పనిచేసే వీలున్నవారు, జింక్ మార్పిడి పద్ధతిని తీసుకోవాలి. ఆమ్ల సెల్ లక్ష్యమైనవారికి తక్కువ వేడి పద్ధతులలో నేను సూచించేది ఇదొక్కటే. మాంగనీసు, కోబాల్ట్‌లను అదే కార్బన్‌లో నింపి ఇనుముతో పోల్చే అవకాశం ఇందులో ఉంది, గూళ్లు మారకుండా లోహం ఒక్కటే మారడం వల్ల ఆ పోలికకు బలం వస్తుంది.

కొలిమి, ఆర్గాన్, నమ్మకమైన కరెంటు ఇప్పటికే ఉన్న ప్రయోగశాల తక్కువ వేడి అన్న పేరు కోసం పాత పద్ధతిని వదులుకోనవసరం లేదు. అటువంటివారు జింక్ ఉన్న కార్బన్‌ను ఒక్క పెద్ద బ్యాచ్‌గా కాల్చి, సగాన్ని ఫ్లాస్కు మార్పిడికి, సగాన్ని 750 డిగ్రీల ఆవిరి పద్ధతికి కేటాయించి, రెండింటినీ ఒకే పొరతో, ఒకే సెల్‌లో, ఎనభై డిగ్రీల వద్ద గంటల తరబడి నడిపి చూడాలి. ఆ నడిచిన కాలంలో నీటిలోకి ఎంత ఇనుము కారిందో, ద్రావణంలోని లోహాల పాళ్లను చెప్పే ఐసీపీ పరీక్షతో కొలిస్తే, రెండు పద్ధతులలో ఏది ఆమ్లానికి తట్టుకుంటుందో వారి సొంత కార్బన్ మీదే తేలుతుంది.